తల లేని గదిలో తాటాకు టోపీ

నేను ఒక తాటాకు టోపీని. నౌపడా ఉప్పుమళ్ళలో పనిచేసే అప్పలసూరి కోసం అతని భార్య పారమ్మ నన్ను అల్లింది. అల్లుతున్నంతసేపూ పక్కింటావిడతో తగువాడుతూనే ఉంది. ఆ కోపం వల్లనేమో నా అల్లిక గట్టిగా కుదిరింది.

అప్పలసూరి తల మీద నా బతుకు బాగా సాగింది. పగలంతా ఎండ, చెమట, ఉప్పుగాలి. మధ్యాహ్నం చెట్టుకింద అతను పడుకుంటే విసనకర్రనయ్యేదాన్ని. తోవలో మామిడికాయలు రాలితే బుట్టనయ్యేదాన్ని. నేను లేకపోతే అతను బతకలేడని లోలోపల నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒకరోజు రోడ్డు పక్కన కారు ఆగింది. అందులోంచి విశ్వపతిగారు దిగారు. విశాఖపట్నంలో ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. బంధువుల పెళ్ళికి వెళ్తూ కిటికీలోంచి నన్ను చూశారట. కళ్ళార్పకుండా నా వైపే నడిచి వచ్చారు.

"ఏటి బాబూ, తోవ తప్పిపోనారా?" అన్నాడు అప్పలసూరి.

"లేదయ్యా. ఆ టోపీ నాకిస్తావా?"

"ఇదా? దీన్నేటి సేసుకుంటారు?"

"దాచుకుంటాను."

అప్పలసూరి నన్ను తీసి, అటూ ఇటూ తిప్పి, తనకు కనబడని విశేషమేదైనా ఉందేమోనని చూశాడు. "తీసుకోండి. మా పారమ్మ సాయంత్రానికి ఇంకోటి అల్లెస్తది" అన్నాడు. విశ్వపతిగారు పొంగిపోయి తన కొత్త గొడుగు అతని చేతిలో పెట్టారు. నేను లేకపోతే బతకలేడనుకున్న మనిషి ఆ గొడుగు తెరిచి మూసి, తెరిచి మూసి ఆడుకుంటున్నాడు. కారు మలుపు తిరిగేదాకా చూశాను. ఒక్కసారైనా తలెత్తలేదు.

విశ్వపతిగారి ఫ్లాటులో రెండు పడకగదులు. ఒకటి ఎప్పుడూ చుట్టాలతో నిండి ఉండేది. రెండోది మాది, అంటే టోపీలది. ఇంట్లో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. గాలిలో తేమ టోపీలకు పడదని విశ్వపతిగారి సిద్ధాంతం. ఆయనా, ఆయన భార్య ఇందుమతిగారూ హాల్లో ఫ్యాను కింద పడుకునేవారు. ఆమె చీరలు బాల్కనీలో ట్రంకుపెట్టెలో ఉండేవి. చీరలకు తేమ పడుతుందో లేదో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

అద్దాల బీరువాల్లో థర్మోకోల్ తలల మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. వాటికి ముక్కు ఉంటుంది కానీ తుమ్మవు. నుదురు ఉంటుంది కానీ చెమట పట్టదు. అలాంటి తల మీద కూర్చోవడం మాకెంత అవమానమో విశ్వపతిగారికి ఎలా చెప్పను? ఆయన చేతికి తొడుగులు వేసుకుని మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపేవారు. నాలో ఇంకిన అప్పలసూరి చెమట వాసన పోవడానికి ఏదో మందు కొట్టారు. నా కింద "శ్రామిక శిరస్త్రాణం" అని చీటీ అంటించారు. ఆ పేరు నోరు తిరిగి పలకడానికి అప్పలసూరికి ఒక పూట పడుతుంది.

సర్దడం మాత్రం ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. ఒకసారి దేశాల వారీగా సర్దారు. తరవాత రంగుల వారీగా. ఆ తరవాత అంచు వెడల్పు చూసి. అలా సర్దినప్పుడల్లా ఇందుమతిగారు గుమ్మంలో నిలబడి, "ఏమండీ, కింది అరలో నా కంచిపట్టు చీరలు రెండు పెట్టుకోనా?" అని అడిగేవారు.

"చీరల రంగు టోపీలకు అంటితే?" అనేవారాయన. ఆమె వెళ్ళిపోయేవారు.

ఒక రోహిణికార్తెలో పట్టపగలు కరెంటు పోయింది. ఏసీ ఆగింది. కొద్దిసేపటికే ఒక ఉన్ని టోపీ మీద ఆయన కంటికి తెల్లటి మచ్చ కనబడింది. బూజని ఆయన కేక పెట్టారు. తేమ పీల్చే పొట్లాలు తెస్తానని చెప్పులు వేసుకున్నారు.

"ఈ ఎండలోనా? ఇంటినిండా టోపీలున్నాయి కదా, ఒకటి పెట్టుకెళ్ళండి" అన్నారు ఇందుమతిగారు.

"చెమట పడితే పాడైపోవూ?"

"మరి మీరు పాడైపోతే?"

ఆయన వినిపించుకోకుండా బోడితలతో వెళ్ళిపోయారు. వీధి చివర మందులషాపు ముందు పడిపోయారు. వాచ్‌మన్ వచ్చి చెప్పగానే ఇందుమతిగారు పరుగున మా గదిలోకొచ్చి బీరువా తెరిచి, వెడల్పాటి అంచు చూసి నన్ను లాక్కున్నారు. చేతికి తొడుగు లేదు. ఎన్నాళ్ళకో ఒక మనిషి చెయ్యి నాకు తగిలింది!

వీధిలో ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని నాతో విసిరారు. ఎవరో బిందెతో నీళ్ళు తెచ్చారు. నన్ను ముంచి, నీళ్ళోడుతుండగా ఆయన తలకు పెట్టారు. ఆమె "చూడండి, నాకేసి చూడండి" అంటూనే ఉన్నారు.

ఆయన కళ్ళు కాస్త తెరిచారు. "ఇందూ... అది... తడిసిపోతోంది" అన్నారు.

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "తడవనీండి!" అని అరిచారు. నడిరోడ్డు మీద, అందరూ వింటుండగా.

ఆస్పత్రి నుంచి పంపిస్తూ, ఎండలోకి టోపీ లేకుండా వెళ్ళొద్దని డాక్టరు చెప్పారు. విశ్వపతిగారు ఇంటికొచ్చి బీరువాల ముందు కుర్చీ వేసుకుని, వాడి పడేయడానికి ఏ టోపీ తగునా అని ఒక పూటంతా ఆలోచించారు. ఏదీ మనసొప్పలేదు. ఆటోలో బజారుకెళ్ళి చవకరకం గుడ్డటోపీ ఒకటి కొనుక్కున్నారు. మర్నాటికి అది కూడా థర్మోకోల్ తలెక్కింది. ఇలాంటి కుట్టు మన దగ్గర లేదని ఆయన సంబరం.

ఇందుమతిగారు ఆ టోపీని చూశారు. వాచ్‌మన్‌ని పిలిచి హాల్లో మంచం మా గదిలోకి వేయించారు. రెండు బీరువాల్లో టోపీలను దించి అట్టపెట్టెల్లో కుక్కి చీరలు సర్దారు.

"ఏమిటే ఈ అన్యాయం?" అన్నారాయన.

"ఇకమీదట ఏసీలో మనం పడుకుంటాం. మీకు చెమట పడితే నాకు పడదు."

నన్ను మాత్రం ఆమె బీరువాలో పెట్టలేదు. వీధి గుమ్మం పక్కన మేకుకు తగిలించి, రోజూ రైతుబజారుకు పెట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. నేను తిరిగొచ్చినప్పుడల్లా విశ్వపతిగారు నా అంచు తడిమి చూసి నిట్టూర్చేవారు. ఆయన నిట్టూర్పులో న్యాయం లేకపోలేదు. అంచు పీచులు లేస్తోంది. లోపలున్నవి వందేళ్ళు బతుకుతాయి. నాకు ఇంకో రెండు వేసవులు దాటడం కష్టం.

నిన్న మిట్టమధ్యాహ్నం ఇంట్లో పెరుగు అయిపోయింది. ఇందుమతిగారు చెప్పులు వెతుక్కుంటుంటే, "నువ్వుండు, నేను తెస్తాను" అని విశ్వపతిగారు లేచారు. గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించి, ఆమె చూడటం లేదనుకుని నన్ను తలకు పెట్టుకున్నారు. ఆమె వంటింట్లోంచి చూసి, చూడనట్టు అటు తిరిగారు.

వీధి సగం దాటేసరికి నా లోపల చెమట చల్లగా జారింది. ఆయన తల అప్పలసూరి తలంత లేదు. నాకు వదులే. పోనిద్దురూ, దానికి చెమట పడుతోంది.