పన్నెండుకే నిండిన బకెట్టు

ఆ శనివారం రంగనాథన్ మామ కొత్త మోటారు తెచ్చాడు. వైట్ టౌన్‌లో ఆయనకొక గెస్ట్‌హౌస్ ఉంది. దాని ముంగిట్లో సిమెంటు తొట్టి, అందులో తొమ్మిది రంగుచేపలు. గదులు ఊడవడంతోపాటు ఆ తొట్టి చూసుకోవడమూ నా పనే. మామ మాకు దూరపు చుట్టం. నాలుగేళ్ల కూతురు ఆర్తిని పక్కన పెట్టుకొని పని చేసుకోనిచ్చే చోటు ఊళ్లో నాకు ఇదొక్కటే దొరికింది. ఇదీ పోతుందేమోనని రోజూ భయమే.

తొట్టిలోని మోటారు నీళ్లను గట్టుమీది ఫిల్టరు డబ్బాలోకి ఎక్కిస్తుంది. స్పాంజిలో మురికి వదిలి నీళ్లు మళ్లీ తొట్టిలో పడతాయి. గంటకు రెండున్నర వేల లీటర్లకు మించి పంపకూడదని డబ్బామీదే అచ్చు వేసి ఉంది. పాత మోటారుకు ఇరవై లీటర్ల బకెట్టు నిండేసరికి ఆర్తీ నేనూ సెకనుకొకటిగా నలభై లెక్కపెట్టేవాళ్లం. కొత్తదాని పైపు బకెట్టులో పెడితే పన్నెండుకే నిండిపోయింది. అంటే గంటకు ఆరు వేలు.

"మామా, ఇది మరీ పెద్దది. డబ్బా ఇన్ని నీళ్లు పట్టదు. పొంగి బయటికి పోతాయి."

మామవాళ్లు మురుంగపాక్కంలో మూడు తరాలు వరి పండించినవాళ్లు. మోటారంటే ఆయన లెక్కలో బోరు మోటారే. ఎంత పెద్దదైతే అంత గొప్ప.

"ఏంది విజీ, ఎనిమిదో క్లాసులో నిలిచిపోయినదానివి, నాకే లెక్క చెప్తావా? నేను మళ్లకు కట్టినన్ని నీళ్లు నువ్వు కంటితో కూడా చూసుండవు!"

"మడి కాదు కదా మామా..."

"పాతది యాడుందో ఆడనే పెట్టు. సరియా?"

పెట్టాను. నీళ్లు డబ్బా అంచుదాకా వచ్చి ఆగాయి. "చూసినావా?" అని నవ్వాడు. స్పాంజికి మురికి పట్టాక అక్కడ ఆగవని నాకు తెలుసు. ఇంకోమాట అంటే పనికి రావద్దంటాడేమోనని నోరు మూసుకున్నాను.

ఆదివారం నాకు సెలవు. మామవాళ్లు కాలాపేటలో పెళ్లికి పోయారు. గదులన్నీ ఖాళీ. సోమవారం పొద్దున వచ్చేసరికి డబ్బా వెనక కాలువదాకా నేలంతా తడి. నీళ్లు లేని తొట్టి అడుగున మోటారు ఒట్టిగా గుర్రుమంటోంది. దాని చుట్టూ తొమ్మిది చేపలూ పక్కకు ఒరిగి ఉన్నాయి.

పెళ్లినుంచి అప్పుడే వచ్చిన మామ భార్య మీనాంబాళ్ అత్త గుండెమీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఎవురు చేసిన పని ఇది?"

మామ నావైపు చూడలేదు. "విజి పైపు సరిగా బిగించలా."

"అంతేనా విజీ?"

ఆర్తి నా కొంగు పట్టుకొని నిలబడి ఉంది.

"అవునత్తా. మరిచిపోయినా."

"లేదమ్మా! పన్నెండే లెక్కపెట్టినాం కదా! పొంగుతాదని తాతకు చెప్పినావు కదా!"

అప్పటిదాకా చచ్చిన చేపల్ని ఎత్తిన చెయ్యి అలాగే ఆర్తి నోటికి అడ్డం పెట్టాను. అది ముఖం తిప్పుకొని ఉమ్మింది.

"పాపకేం తెలుసులే," అంది అత్త. "ఇంకమీదన్నా జాగర్తగా ఉండు."

సాయంత్రం తొట్టి నింపి పాత మోటారు మళ్లీ దించాను. బకెట్టు పెట్టి ఆర్తిని పిలిచాను. మెట్టుమీదనుంచి లేవలేదు. నలభైదాకా నేనొక్కదాన్నే లెక్కపెట్టాను.