ఏ అడవిలో?

"ఏమన్నా అయితే ఎవరిది పూచీ?" అన్నాడు మా ఆయన డెక్లన్, మళ్ళీ.

బల్ల మీద పుట్టగొడుగుల బుట్ట ఉంది. పక్కింటి ద్రహోమీరా గారు పొద్దున్నే తలుపు కొట్టి ఇచ్చి వెళ్ళారు. గోధుమరంగు టోపీలు, లావుపాటి తెల్లని కాడలు, కాడలకింకా మట్టి.

"ఆవిడ చిన్నప్పట్నుంచీ తింటున్నారు. నిక్షేపంలా ఉన్నారుగా!" అన్నాను.

"ఆవిడ కడుపు వేరు. మా ఊరు కార్క్‌లో ఇవి కనపడితే మా అమ్మ కాలితో తన్నేది."

"తన్నింది నేను కాదు, మీ నాన్న," అంది మమ్మల్ని చూడ్డానికొచ్చిన అత్తగారు, కళ్ళజోడు సర్దుకుని బుట్టలోకి తొంగిచూస్తూ. "వాసన మాత్రం బాగుందే, ఓర్లా."

వాదన తేలలేదు. పుట్టగొడుగులు ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి.

ఐర్లండ్ నుంచి చెక్ దేశంలోని ఈ బ్ర్నోకి వచ్చి మూడేళ్ళయింది. ఇంకా ఉంటారా, వెళ్ళిపోతారా అని డెక్లన్ ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు. "నువ్వే చెప్పు" అని అతను నా మీద పెట్టేశాడు. అతనికి ఆఫీసుంది, పాపకి బడి ఉంది. నాకు మాత్రం మెట్ల మీద పలకరింపులు తప్ప ఇక్కడ ఎవరూ లేరు. ఎవరూ లేని చోట ఇంకా ఎందుకుండాలి?

ఖాళీ బుట్ట తిరిగి ఇస్తూ, "ఎక్కడ దొరికాయండీ ఇవి?" అని అడిగాను.

ద్రహోమీరా గారి పెదాల మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళలోంచి మాత్రం పోయింది.

"అడవిలో."

"ఏ అడవిలో?"

"చెట్లున్న అడవిలో," అని తలుపు వేసేసుకున్నారు.

ఆ మాట చెప్తే మా ఈఫా నెత్తి కొట్టుకుంది. తొమ్మిదేళ్ళది, ఇక్కడి బళ్ళోనే చదువుతోంది. "అమ్మా! అలా ఎవరన్నా అడుగుతారా? పుట్టగొడుగులు దొరికే చోటు మా టీచర్ వాళ్ళాయనక్కూడా చెప్పదు!"

ఒక్క తలుపు తెరుచుకుంటే దాన్నీ మూయించేశానే అనిపించింది. మజ్జిగ పోసి సోడా రొట్టె కాల్చి, "అమ్మకి తెలీక అడిగింది" అని చెప్పమని ఈఫా చేతికిచ్చి పంపాను.

శనివారం ఇంకా తెల్లారకుండానే గంట మోగింది. గుమ్మంలో ద్రహోమీరా గారు, రెండు బుట్టలతో.

"చిన్న కత్తి తెచ్చుకోండి. ఫోను ఇంట్లో పెట్టేయండి."

రైల్లో మా పై అంతస్తు ఆయన కూడా బుట్టతో కనిపించాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. మేం దిగాల్సిన స్టేషన్‌కి ముందే దిగి, రైలు కనుమరుగయ్యాక పొలాల గట్టున నడిచాం. అడవిలో ఎవరో వస్తున్న అలికిడైతే ఆవిడ బుట్టని కోటు కింద దాచి, మొద్దు మీద కూర్చుని బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టారు. పళ్ళ డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి! నాకు నవ్వాగలేదు.

కోసిన చోటల్లా నాచు కప్పించారు. చిన్నవాటిని ముట్టుకోనివ్వలేదు. ఫ్లాస్కులోంచి టీ పోస్తూ అన్నారు: "పెద్దదాన్ని కాబట్టి నేనే అనాలి. ఇంక ఈ మీరూ, గారూ వద్దు. నన్ను ద్రహోమీరా అను."

నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దావిడ. "సరే, ద్రహోమీరా," అన్నాను. నోరు తిరగడానికి కాసేపు పట్టింది.

ఇంటికొచ్చి ఉల్లిపాయ, షాజీరా వేయించి, పుట్టగొడుగులు మగ్గబెట్టి గుడ్లు కొట్టి పోశాను. అత్తగారు అప్పుడే కంచం పట్టుకుని నిలబడింది. డెక్లన్ తన రొట్టె మీద చీజ్ పెట్టుకుంటున్నాడు.

"ఇంతకీ ఎక్కడికెళ్ళారు?" అన్నాడు.

"అడవికి."

"అదే, ఏ అడవికి?"

ఈఫా గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను గరిట తిప్పుతూ, వెనక్కి చూడకుండానే చెప్పాను. "సోమవారం మీ ఆఫీసులో ఉంటామని చెప్పెయ్యి. వచ్చే ఏడు కూడా అక్కడికి వెళ్ళాలి."