మొగ దాటే పడవకు పదికి ఐదు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నాలో ఉన్న లోపాన్ని ఇంకొకరి కష్టం మీద రాసేస్తారేమోనని. విరిగిపోతానన్న భయం లేదు. పాతబడతానన్న దిగులు లేదు. ఈ ఒక్కటీ జరగకుండా ఉంటే చాలనుకున్నాను. సరిగ్గా అదే జరిగింది. జరిగి తొమ్మిది రోజులైనా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నేను ఒక జాయ్‌స్టిక్‌ని. వీడియో గేములు ఆడేవాళ్లు రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్లతో తిప్పుతారే, ఆ నల్లటి వస్తువుని. నాకు చిన్న పుట్టగొడుగుల్లాంటి పుల్లలు రెండుంటాయి. ఎడమ పుల్లని ఎటు నెడితే ఆటలో మనిషి అటు నడుస్తాడు. వేలు తీసేస్తే పుల్ల తిరిగి నడిమధ్యకి వచ్చి నిలబడాలి, ఆటలో మనిషి ఆగాలి. నా ఉద్యోగం మొత్తం ఇంతే.

పుట్టింది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో. పుట్టిన గంటకే నీలం టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకామె నా పుల్లల్ని నాలుగువైపులా తిప్పి, తలైనా ఎత్తకుండా 'పాస్' అని చీటీ అంటించింది. మనుషులు ఆ చీటీ కోసం ఏళ్ల తరబడి కళ్లు పోయేలా చదువుతారట, పాపం. ఓడెక్కి, లారీ ఎక్కి గుంటూరు చేరాను. మొదట నన్ను కొన్నది డాక్టరు చదువు చదివే కుర్రాడు. పరీక్షలొస్తున్నాయని వాళ్ల నాన్న నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేను బీరువాలో ఉండగానే ఆ అబ్బాయి పరీక్ష తప్పాడు. అయినా నేరం నాదే అన్నారు, అమ్మేశారు. నింద మోయడం నాకు అలా మొదటి ఇంట్లోనే అలవాటైంది.

తర్వాత సామ్యేలు చేతికి వచ్చాను. అందరూ సామ్ అంటారు. వారమంతా టైల్స్ కొట్లో పని. ఆదివారం చర్చి నుంచి రాగానే ముందు గదిలో దుప్పటి కట్టి, దాని ముందు కూర్చుని యూట్యూబ్‌లో గేముల మీద తీర్పులు చెబుతాడు. ఛానెల్ పేరు 'ఫర్వాలేదు'. గొప్ప ఆటల్ని పొగడ్డానికి వెయ్యిమంది ఉన్నారు, చెత్త ఆటల్ని తిట్టడానికి పదివేలమంది ఉన్నారు, బాగానే ఉండి ఎక్కడో దెబ్బతిన్న ఆటల గురించి మాట్లాడేవాడెవడు అని అతని ప్రశ్న. కెమెరా పట్టుకునే బాజీకి ఈ మాట నెలకోసారైనా చెబుతాడు.

తీర్పులు కూడా భలే ఉండేవి. "కథ చూస్తే ఏడుపొచ్చింది, కెమెరా తిరిగే తీరు చూసినా ఏడుపే వచ్చింది. పదికి ఆరు." ఇంకో ఆటకి, "దెయ్యం బానే ఉంది. కానీ మనోడు తలుపు తీసేలోపు దెయ్యానికే ఆవలింతలొస్తున్నాయి. ఆరున్నర." జనం నవ్వేవాళ్లు. ఆ ఆటలు ఆడి కూడా చూసేవాళ్లు.

అతనికి ఒక నియమం ఉంది. ఏ ఆట ఆడినా నాతోనే ఆడాలి. వేరే జాయ్‌స్టిక్ ఇంటికి రానివ్వడు.

"కొట్టుకి ఎంతమందొచ్చినా తూకపురాయి ఒకటే ఉండాలి బాజీ. అప్పుడే న్యాయం," అనేవాడు.

"రాయి అరిగితేనో సామన్నా?"

"రాయి అరుగుద్దంట్రా ఎక్కడన్నా?"

ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. నా వల్ల న్యాయం జరుగుతోందట!

సామ్ భార్య ఏస్తేరు. ఇరవై మూడేళ్లు. పదో తరగతి పరీక్షలు రాయాల్సిన నెలలోనే తండ్రి మంచాన పడితే బడి మానేసింది. వాళ్లకి ఏడాదిన్నర పాప, దీవెన. ఏస్తేరుకి భయం ఎక్కువ. గ్యాస్ కట్టిందో లేదో పడుకునేలోపు నాలుగుసార్లు చూసుకుంటుంది. పాప ఒక్కసారి దగ్గితే ఛాతీ మీద చెవి పెట్టి వింటుంది. తిరిగే ఫ్యాను కింద పాపని ఆడుకోనివ్వదు, ఊడి పడుతుందని. సామ్ నవ్వుతాడు. నాకెందుకో నవ్వు రాదు. ఇంట్లో ఒకరైనా భయపడుతూ ఉంటేనే మిగతావాళ్లు నిశ్చింతగా ఉండేది.

ఇంత భయస్తురాలి కళ్లెదుటే నాకు ప్రమాదం జరిగింది. శుక్రవారం మధ్యాహ్నం పాపకి రాగిజావ తాగిస్తోంది. గుమ్మంలో కూరగాయల బండి ఆగితే అటు తిరిగింది. ఆ రెండు నిమిషాల్లో దీవెన స్టూలు మీదున్న నన్ను లాగి, తలకిందులుగా జావ గిన్నెలో ముంచి, నాకు కూడా అన్నం పెట్టింది.

"ఓసి నీ దుంప తెగ! నాన్న చూశాడంటే మనిద్దర్నీ గుమ్మంలో నిలబెడతాడే!"

తడి చున్నీతో తుడిచింది. పిన్నీసుతో సందులన్నీ గీకింది. కిటికీలో ఎండబెట్టింది. సాయంత్రం మీట నొక్కితే నా లైటు వెలిగింది. "ప్రభువా, స్తోత్రం," అని గుండెల మీద చెయ్యి వేసుకుని, నన్ను స్టూలు మీద అదివరకు ఉన్నట్టే పెట్టింది. సామ్‌కి చెప్పలేదు. లైటు వెలిగాక ఇక చెప్పేదేముంది?

కానీ ఎడమ పుల్ల మొదట్లో జావ చుక్క ఒకటి ఉండిపోయింది. ఎండి గట్టిపడింది. వేలు తీసేశాక నేను నడిమధ్యకి రావాలి కదా, వెంట్రుకవాసి ఎడమకే ఆగిపోతున్నాను. గబగబా పరుగెత్తే ఆటల్లో అది ఎవరికీ తెలియదు. నెమ్మదైన ఆటలో తెలుస్తుంది. ఆ వారమే నెమ్మదైన ఆట వచ్చింది.

దాని పేరు 'మొగ దాటే పడవ'. నది సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్లు మొగ అంటారట. ఇసుక దిబ్బల మధ్య నుంచి, అలల్ని చూసుకుంటూ చిన్న తెప్పని ఒడ్డుకి చేర్చాలి. చేసింది కళింగపట్నం కుర్రాడు, మైలపల్లి గురుమూర్తి. చేపల వేటకి వెళ్లే ఇంట్లో పుట్టి, పాత కంప్యూటరు మీద ఒక్కడే మూడేళ్లు కూర్చుని తయారుచేశాడు. తెలుగులో మాట్లాడే ఆట. మెరుపు మెరిస్తే నీళ్ల రంగు మారేది. సామ్ మొదటిరోజు నోరు తెరుచుకుని చూశాడు.

రెండోరోజు నుంచి విసుక్కోవడం మొదలైంది. వేలు తీస్తే చాలు, పడవ ఎడమకి జారి దిబ్బని కొట్టుకుంటోంది. మళ్లీ ఆడాడు. మళ్లీ దిబ్బే. నేను లోపల్లోపల కేకలు పెడుతున్నాను, అది పడవ కాదు, నేను, నేను! పుల్లలున్నాయి గానీ నాకు నోరు లేదు.

ఏస్తేరు పాపని చంకనేసుకుని వెనక నిలబడింది. మొహం పాలిపోయింది.

"ఏవండీ, ఆ రిమోట్లో ఏవన్నా అయ్యుంటదేమో?"

"రిమోట్ కాదు ఏస్తేరూ, కోడింగు. నీళ్ల మీద పడవ ఎట్టా కదలాలో రాయడం అందరికీ రాదు."

కోడింగు అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. పదో తరగతి గట్టెక్కని నాకు దాని సంగతేం తెలుసు, ఆయన చెప్పిందే నిజం కాబోలు అని తనకి తానే సర్దిచెప్పుకుంది. చదువు మధ్యలో ఆగినవాళ్ల నోరు ఎక్కడ మూతపడుతుందో నేను ఆ రోజు కళ్లారా చూశాను.

ఆదివారం తీర్పు చెప్పాడు. "బొమ్మలు కంటికి పండగ. మనసున్న ఆట. కానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, మూడో అంకం సాగదీశాడు, ఒకటే రాగం గంటసేపు వాయించాడు. ఇయ్యన్నీ సర్దుకుపోవచ్చు. పడవ తిన్నగా పోకపోతే ఎట్టా సర్దుకుంటాం తమ్ముడూ? పడవ ఆటలో పడవే రాదు. పదికి ఐదు."

అతను అంతకుముందు ఎవరికీ అంత తక్కువ ఇవ్వలేదు. రెండు రోజుల్లో నలభై వేలమంది చూశారు.

మంగళవారం పొద్దున్న వీడియో కింద గురుమూర్తి రాశాడు. "అన్నా, అక్షరాలు చిన్నవే, ఒప్పుకుంటాను. రాగం కూడా నిజమే. కానీ పడవ దానంతటది ఎడమకి పోదు. మా నాన్న తెప్ప మీద కూర్చుని కొలతలు తీసుకుని రాశాను. ఏ జాయ్‌స్టిక్‌తో ఆడారన్నా?"

దాని కింద జనం విరుచుకుపడ్డారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని ఒకడు. మీ నాన్న తెప్ప కూడా ఎడమకే పోద్దేమో చూసుకో అని ఇంకొకడు. మూడొందల మంది, ముక్కూ మొహం తెలియని కుర్రాడిని. అతను ఇంకేమీ రాయలేదు.

ఏస్తేరు వంటగదిలో నిలబడి అవన్నీ చదివింది. ఆ ఆట ఫోన్లో కూడా వస్తుంది. ఎక్కించుకుని, వేలితో పడవని కదిపింది. వేలు తీసింది.

పడవ నిలబడింది. నీళ్ల మీద, నిలకడగా, ఎటూ జారకుండా.

ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం మాట కాదు, ఏడుపూ కాదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ కట్టాలని కూడా తోచలేదామెకి! పాప వచ్చి కొంగు లాగితే గానీ ఈ లోకంలోకి రాలేదు.

మధ్యాహ్నం భోజనానికి సామ్, వెంట బాజీ వచ్చారు. కంచాలు పెట్టకుండానే చెప్పేసింది.

"నేనండీ చేసింది. పాప దాన్ని జావలో ముంచింది. తుడిచి పెట్టేశాను. మీకు చెప్పలేదు."

"దేన్ని?"

ఆమె నన్ను చూపించింది.

సామ్ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చి నన్ను విప్పాడు. పుల్ల మొదట్లో గోధుమరంగు పెచ్చు, కందిబద్దలో సగం. గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని దానికేసే చూస్తున్నాడు.

"సామన్నా, ఆ పిల్లోణ్ణి అందరూ మద్దెల ఓడన్నావని ఎక్కిరించారు గదా," బాజీ మెల్లిగా అన్నాడు. "మద్దెల నిజంగానే ఓడన్నా."

"నోరు ముయ్యరా."

"నేను మూసుకుంటా. నలభై వేలమందిని ఎవరు మూయిస్తారు?"

ఏస్తేరు కళ్లొత్తుకుంటూ, "ఆరోజే రిమోట్ అన్నాను. మీరు కోడింగన్నారు," అంది.

సామ్ ఫోను తీశాడు.

ఆట పేజీలో ఉన్న నంబరుకి ఫోను చేశాడు. చాలాసేపు మోగాక ఒక పెద్దావిడ ఎత్తింది. అందరికీ వినపడేలా పెట్టాడు.

"మా గురుమూర్తి ఇంట్లో నేడు బాబూ. పొద్దున్న ఆ కంపూటరు గోనెసంచిలో ఏసి కట్టీసినాడు. ఏటైందిరా అంటే సెప్పడు. నిన్నట్నుంచి మెతుకు ముట్నేదు. ఒడ్డుకాడికెల్లి కూకున్నాడు, పిలిస్తే పలకడు. నువ్వెవులు బాబూ?"

సామ్ నోరు తెరిచాడు. నలభై వేలమందితో మాట్లాడే నోరు! "నేను... ఆట చూసినోణ్ణమ్మా. చాలా బాగుందని చెప్పండి," అన్నాడు.

"ఆడొచ్చాక సెప్తాను బాబూ," అని పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ ఫోను ఆగిపోయే ఉంది.

ఆ సాయంత్రమే సామ్ ఇంకో వీడియో పెట్టాడు. దుప్పటి కట్టలేదు, జోకులు వేయలేదు. నన్ను పళ్లెంలో ముక్కలుముక్కలుగా చూపించి, తప్పు నాది, నా వస్తువుది, ఆటకి ఏడు, అన్నాడు. అక్షరాలకీ, సాగిన అంకానికీ, రాగానికీ కలిపి తీసేసిన మార్కులు పోగా నిజంగా రావాల్సింది ఏడే. దాన్ని తొమ్మిదొందల మంది చూశారు. తిట్టడానికి వచ్చినవాళ్లలో ఒక్కడూ మళ్లీ రాలేదు. గురుమూర్తి చూశాడో లేదో తెలియదు. బుధవారం పొద్దున్న ఆ ఆట పేజీ లేదు. అతనే తీసేశాడు. మూడేళ్ల పడవ, ఆనవాలు లేకుండా.

మొన్న ఆదివారం నుంచి ఛానెల్ ఆపేశాడు సామ్. నా విడిభాగాలు చాక్లెట్ల డబ్బాలో ఉన్నాయి. బాగుచేయించొచ్చు అంటాడు బాజీ. నన్ను బాగుచేసి ఏం లాభం?

ఏస్తేరు ఇప్పుడు ఫ్యానుకి భయపడటం లేదు, దగ్గుకి భయపడటం లేదు. పాపకి ముద్ద పెడుతూ పెడుతూ ఆగి, "ఏవండీ, ఆ తల్లి బిడ్డ తిన్నాడో లేదో," అంటుంది. సామ్ కళింగపట్నం బయల్దేరుతున్నాడు. కానీ కొట్లో సెలవిచ్చింది శనివారానికి. ఇవాళ మంగళవారం. మధ్యలో మూడు రోజులున్నాయి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరైనా ఆ చుట్టుపక్కల ఉంటే శనివారం దాకా ఆగొద్దు. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లని మైలపల్లి గురుమూర్తి ఇల్లెక్కడని అడగండి, చూపిస్తారు. ఇంట్లో లేకపోతే ఒడ్డుకి వెళ్లండి. ఆట గురించి తర్వాత మాట్లాడొచ్చు. ముందు పక్కన కూర్చుని, అన్నం తిన్నావా తమ్ముడూ అని అడగండి. తినలేదంటే ఇంటికి తీసుకెళ్లి, వాళ్లమ్మ ముందు కూర్చోబెట్టి, తినేదాకా అక్కడే ఉండండి.