సాలగ్రామానికి సెలవు

మామగారు పోయి నెల తిరక్కుండానే సాలగ్రామం ఎవరు తీసుకోవాలన్న మాట వచ్చింది. అది రోజూ స్నానం, నైవేద్యం తప్పకూడని రాయి. అందుకే అన్నదమ్ములిద్దరూ నీకంటే నీకన్నారు.

ఆయన మంచం పట్టిన దగ్గర్నుంచీ ఆ పని పెద్దకోడలే చేసింది. ఆడవాళ్లు ముట్టుకోకూడదని భర్త గొణిగాడే గానీ, తను మాత్రం దుప్పటి తియ్యలేదు. పొద్దున్నే రాయికి నీళ్లు పోసి పొడిబట్టతో ఒత్తి, మామగారి ఒళ్లు తుడిచి, కుట్టుపనికి పరిగెత్తేది. సాయంత్రం దాకా కాజాలు కుట్టే మిషన్ ముందు కూచునేసరికి నడుం పట్టేసేది.

"నీ దగ్గరే ఉండనీ వదినా, నీకు అలవాటేగా," అన్నాడు మరిది. అతను మ్యూజియంలో శిలాజాల విభాగం చూస్తాడు.

"అలిసిపోవడం కూడా అలవాటే," అందామె.

మరిది రాయిని చేతిలోకి తీసుకుని, రంధ్రంలోంచి కనిపించే చుట్లు చూపించాడు. "ఇదొకప్పుడు ప్రాణి. నత్తలాంటి గుల్ల. సముద్రం అడుగున బురదలో కూరుకుపోయి రాయైంది. ఆ అడుగే కొండలై లేచింది. నది దొర్లించి దొర్లించి ఇలా నున్నగా చేసింది. నాన్నకి చెబితే, 'దేవుడు అంత దూరం నడిచొచ్చాడన్నమాట' అన్నారు."

ఆ నడక సంగతి వింటుంటేనే ఆమెకి కాళ్లు లాగాయి. "అయితే మీ మ్యూజియంలోనే పెట్టుకో."

"దేవుణ్ణి తీసుకెళ్లి బీరువాలో పెడతారా?" భర్త లేచాడు.

"సరే, రేపట్నుంచి మీరు చెయ్యండి."

ఆయన ఫ్యాన్ వంక చూశాడు.

ఆమే సెలవు పెట్టి రాయిని మ్యూజియానికి తీసుకెళ్లింది. మరిది దాన్ని దూదిలో పెట్టి సొరుగులో ఉంచాడు.

"రోజూ ఎవరైనా కాసిని నీళ్లు..."

"అమ్మో, వద్దు. లోపల బంగారంలా మెరిసే ఖనిజముంది. తడి నిలిస్తే పొడైపోతుంది."

ఆమె స్టూలు మీద కూలబడింది. "అయితే ఇన్నాళ్లూ నేను పాడుచేశానా?"

"లేదు వదినా. ఎప్పటికప్పుడు తడి లేకుండా తుడిచావు. అందుకే నిలిచింది."

రాయిని తుడిచేటప్పుడు మామగారు మంచం మీంచి చూస్తూ "నెమ్మదిగా అమ్మా" అనేవారు. ఆ మాట రాయి గురించో, తన గురించో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు కళ్లు చెమర్చాయి.

మరిది సొరుగు మూశాడు. ఆమె బయట గ్యాలరీ బెంచీ మీద కాసేపు కూచుందామనుకుంది. కూచున్నది కూచున్నట్టే నిద్రపోయింది. కాపలామనిషి లేపబోతే మరిది చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా వదిన. పడుకోనీ."