మా ఆవిడ పలువరస

నవంబరు ఏడు. మరదలికి పన్ను కదులుతోందని ఆ మధ్యాహ్నం ఇద్దరం పాలలో నానబెట్టిన రొట్టె తిన్నాం. తింటుండగానే పళ్ళ డాక్టరుగారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, రేపట్నుంచి నా క్లినిక్ ఉండదు. పాత పళ్ళ అచ్చులన్నీ పారేస్తున్నా. మీ ఆవిడది కూడా వాటిల్లోనే ఉండాలి. కావాలంటే సాయంత్రం రండి."

మా ఆవిడ పోయాక ఇంట్లో ఫొటోలు చాలానే మిగిలాయి. ఒక్కదాంట్లోనూ నోరు తెరిచి నవ్వలేదు. పైవరసలో ఒక పన్ను లోపలికి తిరిగి ఉంటుందని ఆమెకు మహా సిగ్గు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. నా ముందు కూడా అంతే.

సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. క్లినిక్ వెనక గదిలో బల్ల నిండా తెల్లటి ప్లాస్టరు అచ్చులు. వాటి మీద పెన్సిలుతో రాసిన పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి.

"ఏ ఇద్దరి పళ్ళూ ఒక్కలా ఉండవు మాస్టారూ. మీరే పోల్చుకోవాలి," అన్నారు డాక్టరుగారు.

అరిగినవి, వంకరవి, ఎత్తుపళ్ళు, ఒక్కొక్కటే తీసి చూశాను. ఒకటి చేతిలోకి తీసుకోగానే ప్రాణం లేచొచ్చింది. ఎంత తెలిసిన పలువరస!

"ఇదే," అన్నాను.

మరదలు పకపకా నవ్వింది. "అయ్యో బావా, అది నాది! ముందుపళ్ళ మధ్య ఆ సందు కనపళ్ళేదూ?"

నిజమే. ఇన్నేళ్ళూ మా ఇంట్లో నోరారా నవ్వింది తనే మరి.

నా మొహం చూసి నవ్వు ఆపేసింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి, మోచేతి కింద పాత మచ్చ చూపించింది.

"అక్క రిబ్బను కట్టుకున్నానని కొరికింది. అప్పటికే పెద్దమనిషి, బుద్ధి మాత్రం లేదు."

మచ్చలో చుక్కలు వంపుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం వరస తప్పి లోపలికి జరిగింది. మరదలు అచ్చులు ఒకటొకటిగా చేతికి ఆనించి చూసుకుంది. ఒకచోట ఆగింది.

"దొరికావే, రాకాసీ!" అని కళ్ళు తుడుచుకుంది.

అచ్చు నా చేతికిచ్చింది. దీపం కిందకు తీసుకెళ్ళాను. లోపలికి తిరిగిన ఆ పన్ను పక్కదాని భుజాన తల వాల్చినట్టుంది. ఇంత ముద్దొచ్చేదాన్నా దాచుకుంది! తనివితీరా చూశాను.

"నీది కూడా తీసుకుందామా?"

"నాదెందుకు బావా? నేనింకా నవ్వుతూనే ఉన్నాగా."

డాక్టరుగారు మమ్మల్ని తొందరపెట్టలేదు. సర్దేసిన కుర్చీలనే ముందుగదిలో మళ్ళీ సర్దుతున్నారు. మేం మెట్లు దిగాక చప్పుడు కాకుండా తలుపు మూశారు.