అడుగున మిగల్చాల్సింది

సాంబన్న సంచి నేను సర్దుతుంటే, అడుగున చెప్పులకు చుట్టిన కాగితం ఒకటి దొరికింది. మా ఇంట్లో ఎవరు ఊరికి పోయినా సంచి సర్దేది నేనే. మడతలు విప్పి చదివాను. వాళ్ల కంపెనీలో గోడకు అంటించమని ఇచ్చిన తెలుగు సూచనలు అవి. గోడకు ఉండాల్సినవాటిని చెప్పులకు తొడిగాడు నా తమ్ముడు.

వాళ్లు మరిగించే ద్రావకం పేరు టెట్రాహైడ్రోఫ్యూరాన్ అని అందులో ఉంది. ప్లాస్టిక్కును కరిగిస్తుంది, మా పొలంలో పైపులు అతికించే జిగురులో ఘాటు దానిదేనట. మందుల కంపెనీలు వాడి వదిలేసిన ద్రావకాన్ని హైదరాబాదు అవతల ఒక సేఠు డ్రమ్ములతో తెచ్చి, మరిగించి, ఆవిరిని చల్లార్చి మళ్లీ అమ్ముతాడు. ఆ పనికి సాంబన్నను ఏరికోరి పెట్టుకున్నాడు. చదువు చూసి కాదు. మా గడ్చిరోలి జిల్లాలో సారా నిషేధం. అయినా ఇప్పసారా బట్టీ దగ్గర మావాడి పేరు ప్రాణహిత దాటింది. కుండలో చుక్క మిగల్చడని. అంతకన్న పెద్ద డిగ్రీ సేఠుకు అక్కర్లేకపోయింది.

"ఒరే సాంబా, ఇది గాలి తగిలి నిల్వ ఉంటే అండ్ల పేలే సరుకు పుడ్తదట. మరిగిస్తే అది ఆవిరి కాక అడుగుకు చేరుతదట. పరీక్ష చెయ్యకుంట మరిగియ్యొద్దు, ఎండేదాక అసలే మరిగియ్యొద్దని రాసిండ్రు."

"పొట్లాల కాగితాలు సదివి సదివి డాక్టరువైనవ్ అక్కా. బట్టీ కాడ చుక్క మిగిలిస్తె నాయిన ఏమనెటోడు?"

"నాయిన కుండ పేలెడిది కాదు గదరా."

"మా కంపెనీ కుండ సుత పేలలే. మూడేండ్లాయె."

"అప్పుడు తాజా సరుకు. గిప్పుడు ఏడాది సంది ఎండల పడున్న డ్రమ్ములొచ్చినయని నువ్వే అంటివి."

"పాతదైతె ఇంక మంచిగ ఊరుంటది," అని నవ్వాడు.

ఊరడానికి అది ఇప్పపూవు కాదన్నాను. ఇవాళ ఆగి రేపటి బస్సుకు పొమ్మన్నాను. కనీసం అడుగున జర మిగిలియ్యమని బతిమాలాను. కాగితం మడిచి వాడి జేబులో పెడితే, తీసి, నూనె కారుతున్న పచ్చడి డబ్బా మూత కింద బిగించాడు.

"పనికొచ్చింది పో," అన్నాడు.

మూడో రోజు సేఠు ఫోను చేశాడు, కుండ పేలిందని. అడుగంటేదాకా మరిగించమని తాము ఎప్పుడూ చెప్పలేదన్నాడు. మరిగించొద్దని నోటితో చెప్పిందీ లేదు. పెద్దమనిషి.

నా తమ్ముడు సాంబన్న తిరిగి రాలేదు. 2023 మే 18, గురువారం.