ఎంగిలి బకెట్టు

తమ్ముడు బుట్టలు బుట్టలుగా తెచ్చి పోసినదాన్ని చూసి అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. సొరకాయలు, గుమ్మడికాయలు, చిక్కుళ్లు, పండినవీ పండనివీ కలిసిపోయిన టమాటాలు, ఇన్ని రకాల ఆకులు. లేనిదంటూ లేదు. ఏదీ ఒక గుండిగకు నిండుగా వచ్చేలా మాత్రం లేదు.

"ఏం మహారాజా, వంటకి తెచ్చావా, ప్రదర్శనకి తెచ్చావా?"

"అదే కదక్కా దీని గొప్ప! ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుంది."

"నీ మొక్కలు నిలబడతాయిలే. ఇక్కడ నిలబడాల్సింది నా నడుం."

అది యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ క్యాంటీను. వంట ఆమెది. అతనిది అక్కడే స్టోర్సులో ఉద్యోగం. వెనకనున్న తుక్కు దొడ్డిని అతను కొన్నేళ్లు కష్టపడి శుభ్రం చేసి తోటగా మార్చాడు. దున్నడు, మందు కొట్టడు. ఒక మొక్క నీడలో ఇంకో మొక్క, నేల మీద ఎండుటాకుల దుప్పటి. పేరు పర్మాకల్చర్ అంటాడు. మేనేజరు ఆ దొడ్డిలో లారీల షెడ్డు వేయిస్తానన్నప్పుడు ఉండబట్టలేక, పెరిగే జనాభాకి ఈ పద్ధతే దిక్కు, ప్రపంచం మొత్తానికి తిండి పెట్టొచ్చు అనేశాడు.

"ప్రపంచం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు మేనేజరు. "నా నూటయాభై మందికి ఒక్క పూట కూర పెట్టు. బియ్యం మాదే. పెడితే దొడ్డి నీది, లేకపోతే లారీలది."

ఆ పూట ఇవాళే.

అక్కకు నమ్మకం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అతనికి తెలియదనుకుంటోంది. అందుకే తెల్లారేసరికి ఒక బంగాళాదుంపల బస్తా తెప్పించి, పొయ్యి పక్క బల్ల కింద గోనెపట్టా కప్పి పెట్టింది. కూర తరిగిపోతుంటే నాలుగు దుంపలు గబగబా ఉడికించి కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది? మోసమని కూడా అనిపించలేదు. చిన్నప్పుడు అమ్మ షిఫ్టుకు వెళ్తే వీడికి అన్నం పెట్టింది తనే. వాడు చూడకుండా తన కంచంలోది వాడి కంచంలోకి తోసేది. ఆ చేతికి అలవాటు పోలేదంతే.

ఒక్క కూర కుదరక ఆరు రకాలు వండింది. గంట కొట్టగానే జనం గిన్నెల మీద పడ్డారు.

"అమ్మా, ఈ ఆకు పేరేంటి?" అన్నాడు గేరు మామ. ఫిట్టర్లలో పెద్దవాడు.

"పేరడక్క మామా, తిను. నీకన్నా మెత్తగానే ఉంది."

లైను సగం దాటేసరికి సొరకాయ గుండిగ అడుగు కనిపించింది. కాసేపటికి చిక్కుళ్లదీ. తమ్ముడు గరిటె పట్టుకుని, ఒక్కొక్కరికీ కొలిచినట్టు జాగ్రత్తగా వడ్డిస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె చెయ్యి గోనెపట్టా మీదకు వెళ్లింది.

అక్కడే ఆగింది. అప్పట్లో వాడి కంచంలోకి తోసినప్పుడల్లా తనేమనుకునేది? వీడికి చాలదు, వీడు సరిపెట్టుకోలేడు అనే కదా. ప్రేమ అనుకున్నదాని అడుగున ఎప్పుడూ ఆ చిన్న అపనమ్మకం ఉండేది. ఇవాళ దుంపలు వేస్తే దొడ్డి మిగులుతుంది. కానీ దాన్ని నిలబెట్టేది వాడి తోట కాదు, తన బస్తా. గోనెపట్టా సరిచేసి లేచి నిలబడింది.

చివర పదకొండు మందికి కూర లేదు. ఆ పదకొండో మనిషి మేనేజరే. ఆయన ఎప్పుడూ అందరి తర్వాత తింటాడు.

"అయిపోయింది సార్," అన్నాడు తమ్ముడు. దొడ్లోకి పరిగెత్తి పండు టమాటాలు కోసుకొచ్చి, ఉప్పుతో పాటు పదకొండు కంచాల్లో పెట్టాడు.

మేనేజరు ఆ టమాటాలతోనే అన్నం ముగించాడు. లేచి, రోజూ మిగిలినది పారబోసే ఎంగిలి బకెట్టు దగ్గరకు వెళ్లి లోపలికి తొంగిచూశాడు. రోజూ రెండు బకెట్లు నిండి పొర్లేవి. ఇవాళ అడుగున ఒక మిరపకాయ తొడిమ ఉంది.

"రోజూ మనం ఎంతమందికి వండుతున్నామమ్మా?"

"నూటయాభై మందికే సార్. తినేది వాళ్లూ, బకెట్టూ."

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. "ఓడిపోయావోయ్. పదకొండు మంది లోటు, అందులో నేనొకణ్ణి. అది మర్చిపోను." చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "బకెట్టు ఖాళీగా ఉందన్నదీ మర్చిపోను. షెడ్డు వచ్చే ఏడు చూద్దాం. అప్పుడు మళ్లీ వండాలి. అప్పుడూ నాకు కూర లేకపోతే లారీలే."

ఆయన వెళ్లాక తమ్ముడు బకెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. సంతోషిస్తాడనుకుంటే దిగాలుగా ఉన్నాడు.

"ఏమైందిరా?"

"రోజూ ఈ ఎంగిలే కదక్కా నా నేలకి తిండి! ఎరువు దీంతోనే చేస్తాను. అందరూ ఊడ్చుకు తినేస్తే రేపు నేలకేం పెట్టను?"

ఆమె ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్లు తుడుచుకుని, బల్ల కిందినుంచి బస్తా లాగి, రేపటి వంటకు దుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టింది. చెక్కులు బకెట్లో పడుతున్నాయి.

"ఇదిగో, పెట్టుకో నీ నేలకి."

అతను బస్తా వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు. "ఇది ఇక్కడెప్పటినుంచి ఉందక్కా?"

"పొద్దుటినుంచి."

అతను వెళ్లి ఇంకో కత్తి తెచ్చుకుని ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"చెక్కు కాస్త మందంగా తియ్యి," అన్నాడు. "నేల ఆకలి మీదుంది."